గూగుల్ వాయిస్ ఉచిత నంబరు: తెలుగువాళ్ల సహాయ లైనుకు ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో తెలుగువాళ్లు నలుగురు ఉన్న ప్రతి ఊళ్లోనూ సాయం కోసం ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. అందులో ఇద్దరు ముగ్గురి సొంత సెల్ నంబర్లు చేతులు మారుతుంటాయి. వాళ్లలో ఒకరు ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోతారు, ఇంకొకరు రాత్రిళ్లు ఫోన్లు తట్టుకోలేక నంబరే మార్చేస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల జేబులోని చీటీ మీద, ఆస్పత్రి సోషల్ వర్కర్ దగ్గర, స్కూలు ఆఫీసులో మాత్రం ఆ పాత నంబర్లే ఉండిపోతాయి. మనుషులు మారినా మారని నంబరు ఒకటి కావాలి. ఆ ఒక్క పని కోసమే, మా సంఘం సహాయ లైనుకు గూగుల్ వాయిస్‌ను చాలాకాలంగా వాడుతున్నాం. ఇది గూగుల్ ఉచితంగా ఇచ్చే ఫోన్ నంబరు, దానికి వచ్చే కాల్స్‌ను మన సొంత ఫోన్లకు మళ్లిస్తుంది. ఈ సమీక్ష ఆ పని వరకే.

ఈ వాడకం కొత్తదేమీ కాదు. గూగుల్ వాయిస్ మొదట గ్రాండ్‌సెంట్రల్ అనే చిన్న కంపెనీ. 2007లో గూగుల్ దాన్ని కొనుక్కుని 2009లో ఇప్పటి పేరుతో తెచ్చింది. ఆ మధ్యలో, 2008లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇల్లూవాకిలీ లేనివాళ్లకు ఉచితంగా నంబరు, వాయిస్‌మెయిల్ ఇచ్చే ఏర్పాటు నగర మేయరుతో కలిసి ప్రకటించారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న మనిషికి తిరిగి ఫోన్ చేయాలంటే నంబరు ఉండాలి కదా. చేతిలో ఫోన్ లేకపోయినా నంబరు ఉండొచ్చు అన్న ఆ ఆలోచనే ఈ సర్వీసులో అసలు విలువైనది.

తీసుకోవడం సులువే. ముందు సంఘం పేరున కొత్త గూగుల్ అకౌంటు తెరవాలి. ఎవరి సొంత జీమెయిల్ మీదా నంబరు తీసుకోవద్దు. ఆ మనిషి వెళ్లిపోయిన రోజున నంబరూ వెళ్లిపోతుంది. తర్వాత గూగుల్ వాయిస్‌లో ఊరి పేరు గానీ ఏరియా కోడ్ (నంబరులో ప్రాంతాన్ని చెప్పే మొదటి మూడు అంకెలు) గానీ కొడితే దొరికే నంబర్లు చూపిస్తుంది. పెద్ద నగరాల కోడ్‌లు చాలావరకు ఖాళీగా ఉండవు, పక్క ఊరి కోడ్‌తో సర్దుకోవాలి. ధ్రువీకరణకు అమెరికా ఫోన్ నంబరు ఒకటి ఇవ్వాలి. ఒక సెల్ నంబరును ఒక్క వాయిస్ అకౌంటుకే లింక్ చేయగలం. వాలంటీరుకు ఇప్పటికే సొంత గూగుల్ వాయిస్ ఉండి అదే సెల్ దానికి కట్టి ఉంటే, సంఘం అకౌంటుకు లింక్ చేయగానే అక్కడ ఊడిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే మాట పడాల్సి వస్తుంది.

ఒక అకౌంటుకు 6 ఫోన్ల దాకా లింక్ చేయొచ్చు. కాల్ రాగానే అన్నీ ఒకేసారి మోగుతాయి, ముందు ఎత్తినవాళ్లకు కలుస్తుంది. చాలామంది బోర్లాపడేది ఇక్కడే. ఆరుగురిలో ఒకరి సెల్ స్విచాఫ్‌లో ఉందనుకోండి. ఆ సెల్ కంపెనీ వాయిస్‌మెయిల్ వెంటనే ఎత్తేస్తుంది. ఎవరో మనిషి ఎత్తాడనుకుని గూగుల్ మిగతా ఐదు ఫోన్లనూ ఆపేస్తుంది. ఫోన్ చేసిన పెద్దాయన తన బాధంతా ఎవరో వాలంటీరు సొంత వాయిస్‌మెయిల్‌లో చెప్పుకుంటాడు. సంఘం ఇన్‌బాక్స్‌లో దాని జాడే ఉండదు. మెసేజ్ ఉన్న సంగతే మిగతావాళ్లకు తెలియదు.

దీనికి మందు కాల్ స్క్రీనింగ్. సెట్టింగ్స్‌లో అది ఆన్ చేస్తే, ఫోన్ ఎత్తినవాళ్లు 1 నొక్కితేనే కాల్ కలుస్తుంది. వాయిస్‌మెయిల్ మిషన్ 1 నొక్కలేదు కాబట్టి మిగతా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఎవరూ ఎత్తకపోతే సుమారు 25 సెకన్ల తర్వాత సంఘం వాయిస్‌మెయిల్‌కే వెళ్తుంది. అయితే స్క్రీనింగ్ ఆన్‌లో ఉంటే, తెలియని నంబరు నుంచి చేసేవాళ్లను ఇంగ్లీషులో పేరు చెప్పమంటుంది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు అది విని కంగారుపడి పెట్టేస్తారు. అందుకే నంబరు ఇచ్చే చీటీ మీదే ‘ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది, మీ పేరు చెప్పి ఆగండి’ అని తెలుగులో రాసివ్వాలి. తరచూ చేసే పెద్దవాళ్ల నంబర్లు కాంటాక్టుల్లో చేర్చి, వాళ్ల వరకు స్క్రీనింగ్ లేకుండా వేరే రూల్ పెట్టొచ్చు. కానీ ఆ రూల్‌లో, ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక్క ఫోన్‌కే కాల్ వెళ్లేలా పెట్టాలి. లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

ఆరు ఫోన్లూ ఎప్పుడూ మోగించడం కూడా మంచి పద్ధతి కాదు. అందరూ ‘ఇంకొకరు ఎత్తుతారులే’ అనుకుంటారు. వారానికి ఇద్దరి చొప్పున డ్యూటీ వేసి, మిగతావాళ్ల ఫార్వర్డింగ్ ఆఫ్ చేసి ఉంచాలి. లింక్ తీసేయక్కర్లేదు, వెబ్‌లో ఒక్క బటన్ జరిపితే చాలు.

ఇంకొకటి, తిరిగి ఫోన్ చేసే తీరు. ఫార్వర్డ్ అయిన కాల్ వాలంటీరు సెల్‌లో చేసినవాళ్ల నంబరుతోనే కనిపిస్తుంది. కాల్ లాగ్‌లో దాన్ని నొక్కితే కాల్ వాలంటీరు సొంత నంబరు నుంచే వెళ్తుంది. ఇక ఆ ఇంటి నుంచి ఫోన్లన్నీ సంఘానికి కాకుండా నేరుగా ఆ వాలంటీరుకే వస్తాయి. సెట్టింగ్స్‌లో ఇన్‌కమింగ్ కాల్స్‌కు వాయిస్ నంబరే కనిపించేలా మార్చుకుంటే రెండు లాభాలు: ఎత్తకముందే అది సహాయ లైను కాల్ అని తెలుస్తుంది, పొరపాటున సొంత నంబరు బయటపడదు. తిరిగి చేయడం ఎప్పుడైనా గూగుల్ వాయిస్ యాప్ నుంచో వెబ్ నుంచో చేయాలి.

వాయిస్‌మెయిల్ పలకరింపు చిన్నదిగా ఉండాలి. మేం పెట్టినది ఇది: ‘నమస్కారం, ఇది తెలుగువారి సహాయ లైను. ప్రాణాపాయం అయితే వెంటనే పెట్టేసి 911కు చేయండి. మీ పేరు, ఊరు, ఏం కావాలి చెప్పండి. మీ నంబరు ఇంగ్లీషులో ఒక్కొక్క అంకెగా రెండుసార్లు చెప్పండి.’ తర్వాత అదే ముక్క ఇంగ్లీషులో. అంకెలు ఇంగ్లీషులో అడగడానికి కారణం ఉంది. వాయిస్‌మెయిల్‌ను అక్షరాల్లోకి మార్చి ఈమెయిల్ పంపే సౌకర్యం తెలుగు మాటలకు పనిచేయదు, పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు వస్తాయి. అంకెలు మాత్రం చాలావరకు సరిగ్గా దిగుతాయి. దాన్ని చదివి విషయం అర్థమైందనుకోవద్దు. ఆడియో విని తీరాలి. మెసేజ్‌కు 3 నిమిషాలే హద్దు, ఏకరువు పెట్టేవాళ్లకు మధ్యలో తెగిపోతుంది.

911 సంగతి పలకరింపులో తప్పనిసరి. ఉచిత గూగుల్ వాయిస్ నుంచి 911కు కాల్ వెళ్లదు, ఇది వాలంటీర్లకూ గట్టిగా చెప్పాలి. తిండికీ అద్దెకూ ఇబ్బంది అయితే 211, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లకు 988 ఉన్నాయి. ఈ మూడు నంబర్లు డ్యూటీ కాగితం పైనే రాసి ఉండాలి. ఇది ఎమర్జెన్సీ లైను కాదు, కాలేదు.

ఎస్‌ఎంఎస్‌లు లింక్ చేసిన ఫోన్లకు రావు, యాప్‌లోనో ఈమెయిల్‌లోనో చూడాలి. పాస్‌వర్డ్ పదిమందికి పంచకుండా, జీమెయిల్‌లో డెలిగేట్లుగా చేర్చితే వాళ్లవాళ్ల అకౌంట్ల నుంచే సంఘం ఇన్‌బాక్స్ చదవగలరు. ఒకేసారి 7గురికి మించి మెసేజ్ పంపలేం. పండగ ఆహ్వానాలూ చందా విజ్ఞప్తులూ ఈ నంబరు నుంచి పంపనే పంపొద్దు, స్పామ్ ముద్ర పడితే సాయం కోరినవాళ్లకు పంపిన జవాబులు కూడా చేరవు. తెలుగు లిపిలో రాస్తే ఎస్‌ఎంఎస్ ఒక ముక్కకు 70 అక్షరాలే, ఇంగ్లీషు లిపిలో 160. కాబట్టి చిన్న వాక్యాలే రాయాలి.

గూగుల్ స్పామ్ వడపోత బాగానే పనిచేస్తుంది, కొన్నిసార్లు మరీ బాగా. కొత్త సెల్ తీసుకున్న విద్యార్థి కాల్ కూడా అందులో పడొచ్చు. డ్యూటీలో ఉన్నవాళ్లు రోజుకొకసారి స్పామ్ ఫోల్డర్ తెరిచి చూడాల్సిందే.

బయట అంటించిన నంబరుకు ఒక రకం మోసగాళ్లు తప్పక వస్తారు. ‘మీరు నిజం మనుషులేనా చూడాలి, మీకు 6 అంకెల కోడ్ వస్తుంది, చెప్పండి’ అంటారు. అది గూగుల్ వాయిస్ ధ్రువీకరణ కోడ్. చెప్పారంటే మీ ఫోన్ పేరు మీద వాళ్లొక నంబరు తీసుకుని ఇంకొందరిని ముంచుతారు. ఏ కోడూ ఎవరికీ చెప్పకూడదని మొదటి రోజే వాలంటీర్లకు చెప్పాలి.

అకౌంటుకు టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టి, గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు అచ్చు తీసి కవర్లో పెట్టి కోశాధికారి దగ్గర ఉంచండి. టూ స్టెప్‌కు ఈ వాయిస్ నంబరునే ఇవ్వొద్దు, తాళంచెవి ఇంట్లోపెట్టి తలుపేసుకున్నట్టవుతుంది. కొన్ని నెలలు కాల్ గానీ మెసేజ్ గానీ లేకపోతే గూగుల్ నంబరు వెనక్కి తీసుకుంటుంది. ముందు ఈమెయిల్ పంపుతుంది కానీ, ఆ ఇన్‌బాక్స్ చూసేవాళ్లు లేకపోతే అది పంపినా ఒకటే పంపకపోయినా ఒకటే. సెలవుల్లో కూడా నెలకో కాల్ చేయడం డ్యూటీలో భాగం చేయండి.

డబ్బు పెట్టి తీసుకునే గూగుల్ వాయిస్‌లో ‘తెలుగుకు 1 నొక్కండి’ లాంటి మెనూ, బృందమంతటికీ మోగే ఏర్పాటు ఉన్నాయి. కానీ నెలకు మనిషికి 10 డాలర్ల ప్లానులో అవి రావు, 20 డాలర్లది కావాలి, పైగా వర్క్‌స్పేస్ (గూగుల్ వారి ఆఫీసు సేవల ప్యాకేజీ) చందా వేరు. రోజుకు నాలుగైదు కాల్స్ వచ్చే లైనుకు అంత అక్కర్లేదు. వారమంతా ఎడతెగకుండా మోగుతుంటే మాత్రం ఉచిత నంబరును పట్టుకు వేలాడొద్దు, ఎత్తని కాల్స్ పెరిగితే జనం మళ్లీ చేయడం మానేస్తారు.

అప్పుడు కూడా నంబరు పోనక్కర్లేదు. 3 డాలర్లు కట్టి అన్‌లాక్ చేయిస్తే వేరే కంపెనీకి తీసుకుపోవచ్చు. ఆ కంపెనీ అకౌంటు నంబరు అడిగితే 10 అంకెల వాయిస్ నంబరే ఇవ్వాలి, పిన్ అడిగితే వాయిస్‌మెయిల్ పిన్ ఇవ్వాలి. ఈ పిన్ ముందే పెట్టుకోకపోతే పోర్టింగ్ అక్కడే ఆగుతుంది. కొత్త చోట మోగేదాకా పాత అకౌంటులో నంబరు తొలగించవద్దు.