ముందు రింగు ఉన్న హార్నెస్: మా మల్లితో రెండేళ్ల వాడకం

మా మల్లి వీధిలో దొరికిన ఊరకుక్క. ఇప్పుడు దానికి నాలుగేళ్లు, బరువు 17 కిలోలు. ఇంట్లో ఎంత నెమ్మదిగా ఉంటుందో, గేటు దాటి ఇంకో కుక్క కనపడితే అంత గోల చేసేది. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వెనక కాళ్ల మీద లేచి మొరిగేది. మెడ బెల్టుకే లీష్ (మనం పట్టుకునే తాడు) తగిలించే రోజుల్లో గుంజి గుంజి దగ్గు తెచ్చుకునేది. మేముండేది విశాఖలో. ఇక్కడ సందుకో కుక్కల గుంపు ఉంటుంది, ఎదురుపడకుండా నడవడం కుదరని పని.

రెండేళ్ల కింద 1,600 రూపాయలు పెట్టి ఈ హార్నెస్, అంటే కుక్క ఛాతీకీ వీపుకీ తొడిగే పట్టీల జత, కొన్నాను. వీపు మీద ఒక రింగు, ఛాతీ మీద ఇంకో రింగు. ఛాతీ పట్టీ భుజాలకి అడ్డంగా పోకుండా వై ఆకారంలో కాళ్ల మధ్యకి దిగుతుంది కాబట్టి నడక పట్టేయదు. ముందు రింగుకి లీష్ తగిలిస్తే, కుక్క గుంజినప్పుడు దాని ఒళ్లు పక్కకి తిరుగుతుంది, బలమంతా ముందుకి పోదు. మొదటి రోజే గుంజడం సగానికి తగ్గింది. మొరగడం మాత్రం ఏమీ తగ్గలేదు. కొనేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. హార్నెస్ మన చేతికి పట్టు ఇస్తుంది కానీ కుక్క మనసులో భయాన్ని తీసేయదు.

ఆ భయం తగ్గింది దూరంతో. 10 మీటర్లలో కుక్క ఉంటే మల్లికి నా మాట వినపడేదే కాదు. 30 మీటర్లలో ఉంటే చెవులు నిలబెట్టి చూసేది, అంతే. అందుకే పొద్దున్నే బండ్లని రానివ్వని వేళ బీచ్ రోడ్డుకి తీసుకెళ్లేదాన్ని. అంత వెడల్పు రోడ్డు కాలనీలో దొరకదు. మల్లి అవతలి కుక్కని చూసిన క్షణంలోనే ఉడికించిన చికెన్ ముక్క నోటికి అందించేదాన్ని. మొరిగాక ఇవ్వడం కాదు, చూడగానే ఇవ్వాలి. కొన్ని వారాలకి కుక్కని చూసి, వెంటనే నా ముఖం వైపు తిరగడం మొదలుపెట్టింది. మొదటిసారి అలా తిరిగినప్పుడు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. రోడ్డుకి అటుపక్క కుక్క పోతుంటే ఇటుపక్క మామూలుగా నడవడానికి నాలుగు నెలలు పట్టింది. ఎదురెదురుగా ఎప్పుడూ పోనివ్వను, కాస్త చుట్టు తిరిగి పోతాం. కుక్కలు కూడా స్నేహంగా కలిసేటప్పుడు అలాగే వంపు తిరిగి వస్తాయి.

లీష్ ఆరడుగుల మామూలుది చాలు. డబ్బీలోంచి సాగే లీష్ ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, ఆ బిగువు కుక్కకి టెన్షన్ పెంచుతుంది. కుక్క కనపడగానే లీష్‌ని చేతికి చుట్టేసుకునే అలవాటు నాకూ ఉండేది. అది మానుకోవడం మల్లికి నేర్పడం కంటే కష్టమైంది. లీష్ ఉయ్యాల తాడులా కిందికి వేలాడుతూ ఉండాలి.

మన వీధుల్లో ఇంకో చిక్కు, చికెన్ వాసనకి వీధికుక్కలే వెంటపడతాయి. వాటి కోసం విడిగా బిస్కెట్లు పెట్టుకుంటాను. దగ్గరికి వస్తుంటే గుప్పెడు వాటి ముందు చల్లి, అవి ఏరుకునేలోపు మేం తప్పుకుంటాం. ఆగిన కారు వెనక్కి వెళ్లి చూపు తప్పించడం కూడా బాగా పనిచేస్తుంది. పిల్లలు పెట్టిన తల్లి ఉన్న సందులోకి మాత్రం అసలు వెళ్లను.

ఇక ఈ హార్నెస్‌లో లోపాలు. సముద్రపు గాలికి ముందు రింగు ఎనిమిది నెలల్లోనే తుప్పు పట్టింది. తీరంలో ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్ స్టీల్ రింగులే అడిగి తీసుకోండి. వేసవి చెమ్మకి చంకల దగ్గర ఒరుసుకుని ఎర్రబడింది, ఇంటికి రాగానే విప్పి ఆరబెడితే తగ్గింది. అన్నిటికంటే పెద్ద లోపం, కుక్క వెనక్కి గుంజితే తల పట్టీల్లోంచి జారి బయటికి వచ్చేస్తుంది. ఒక దీపావళి సాయంత్రం టపాసుకి బెదిరి మల్లి అలాగే జారిపోయింది. అదృష్టం కొద్దీ మా గేటు దగ్గరే దొరికింది. ఆ మర్నాటి నుంచి మెడ బెల్టుకీ హార్నెస్‌కీ కలిపి చిన్న పట్టీ వేస్తున్నాను. అది లేకుండా బయటికి అడుగు పెట్టను.

పాల బూత్ దగ్గర ఉండే నల్లకుక్కని చూస్తే మల్లి ఇప్పటికీ ఆగదు. అక్కడికి ముందే మేం వెనక్కి తిరిగేస్తాం.