మా దుబ్బల ఎనిమిది నెలలు తోలినంక ఈ 1/14 ఆర్సీ బండి సంగతి

ముందుగాల్నే చెప్తున్న, ఆర్సీ అంటె రేడియో కంట్రోల్, రిమోట్‌తోని తోలే చిన్న బండి, ఇది డబ్బా ఇప్పి రెండు రౌండ్లు కొట్టి రాసే రివ్యూ కాదు. పోయిన వానకాలం చివర్ల తీసుకున్న, నల్లగొండ ఎన్జీ కాలేజ్ గ్రౌండ్ కాన్నుంచి పానగల్ల ఉదయసముద్రం కట్ట దాకా ఎనిమిది నెలల సంది తోల్తనే ఉన్న, మధ్యల రెండు సార్లు మొత్తం ఇప్పి మళ్ల బిగించిన. కంపెనీ పేరు రాస్తలేను, ఎందుకంటె ఇదే బండి రకరకాల స్టిక్కర్లు ఏసుకుని ఆన్‌లైన్ల తిరుగుతుంటది, లోపల సామాను ఒక్కటే. 1/14 స్కేలు బగ్గీ, అంటె అసలు బండిల పద్నాలుగో వంతు సైజు, ఫోర్ వీల్ డ్రైవ్, అల్యూమినియం చాసిస్, 550 సైజు బ్రష్డ్ మోటర్, 2ఎస్ లైపో అంటె రెండు సెల్లుల లిథియం బ్యాటరీ, 1500 ఎంఏహెచ్. నాకు తొమ్మిది వేల చిల్లర పడ్డది. మా నాయిన అయితె బండిని అటు ఇటు తిప్పి చూసి, గీ పైసలకు రెండు మేకపిల్లలు వస్తుండె గదరా అన్నడు.

డబ్బా మీద 60 కిలోమీటర్ల స్పీడ్ అని ఇంత లావు అక్షరాలు. నాకు నమ్మబుద్ధి కాలే. బైపాస్ దిక్కు ఖాళీ రోడ్డు మీద టేపు పట్టి 50 మీటర్లు సుద్దతోని గీత గీసి, మా తమ్ముడు ఫోన్ల వీడియో తీస్తె ఇంటికొచ్చి ఫ్రేములు లెక్కవెట్టినం. ఫుల్ ఛార్జింగ్ మీద 4.3 సెకండ్లు, అంటె గంటకు 42 అటు ఇటు. సరే గానీ నాకేం రంది లేదు, మూరెడు కూడ లేని బండి 42 మీద ఉరుకుతుంటె కండ్లకే ఆనదు, ఇగ 60 ఎందుకు.

అసల్ కథ దుబ్బ. ఈ బండి గీసినోడు సాఫు తారు రోడ్డును మనసుల వెట్టుకుని గీసిండు, మన ఎర్రచెలకను కాదు. కింద జాగ రెండు వేళ్లు దూరేంత సుత లేదు, చిన్న గులకరాయి మీదికెళ్లి పోయినా పొట్ట గీక్కపోతది. మోటర్ కాడి పెద్ద గేరు, అదే స్పర్ గేరు, ప్లాస్టిక్‌ది, కింది నుంచి సగం తెరిచే ఉంటది. మూడో రోజే పానగల్ కాడ ఒక బియ్యపు గింజంత రాయి దాంట్ల ఇరికి కిర్ర్ అని సప్పుడు, అయిపోయింది, పళ్లన్ని సాఫు. మోటర్ తిరుగుతుంది బండి కదుల్తలేదు. నేనేమొ బ్యాటరీ వీక్ అయిందనుకుని ఇంకింత త్రాటిల్ గుంజిన, ఉన్న నాలుగు పళ్లు కూడ పోయినయి. కొత్త గేరు ఏసేటప్పుడు ఒక ముచ్చట యాదుంచుకోండ్రి, మోటర్ చిన్న గేరుకు ఈ పెద్ద గేరుకు మధ్యల నోట్‌బుక్ కాయితం పేలిక పెట్టి మోటర్‌ను దగ్గరికి నొక్కి స్క్రూ బిగించుండ్రి, తర్వాత కాయితం గుంజితె ఎంత సందు ఉండాల్నో అంతే ఉంటది. కాయితం చినిగిందంటె మరీ బిర్రుగ ఉన్నట్టు. ఇది మాన్యువల్ల లేదు, మాన్యువల్ మొత్తమే ఒక కాయితం, అది గూడ సగం చైనా భాషల ఉంది.

స్క్రూలకు కంపెనీ థ్రెడ్‌లాక్, అంటె స్క్రూ ఊడకుండ పట్టుకునే జిగురు, పెట్టలే. ఇనుప స్క్రూ అల్యూమినియంలకు పోతది కాబట్టి అదురుడుకు ఒక్కొక్కటి ఊడి రోడ్డు మీద పడిపోతది. కొన్న రోజే నీలం రంగు థ్రెడ్‌లాక్ చుక్క చుక్క పెట్టి బిగించుకోండ్రి, ఎరుపుది పెట్టకుండ్రి, మళ్ల ఊడరాదు, ప్లాస్టిక్‌కు అసలే వద్దు. చక్రాల బేరింగులు నెల రోజులకే గరగర అన్నయి. పెట్రోల్ల కడిగి ఆరవెట్టి మా అమ్మ కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క ఏస్తె మళ్ల తిరిగినయి, గానీ ఆ నూనె బయటి గేర్లకు మాత్రం పుయ్యొద్దు, నేను పూసిన, దుబ్బంత అంటుకుని ఉప్పుకాయితం లెక్క గేర్లను అరగదీసింది. ఇప్పుడైతె మోటర్ మీద పాత చున్నీ ముక్కతోని దర్జీ కాడ ఒక తొడుగు కుట్టిచ్చి ఏసిన, గాలి పోతది దుబ్బ రాదు. దర్జీ ఇది ఏ పిల్లకని అడిగిండు.

మోటర్ గురించి ఇంకో మాట. బ్రష్డ్ మోటర్ అంటె లోపల కార్బన్ ముక్కలు రాసుకుంట తిరుగుతయి, ఎప్పటికైన అరుగుతయి, అది మోటర్ తప్పు కాదు. ఎండకాలం మా దిక్కు 44 దాకా పోతది గదా, మధ్యాహ్నం వరుసగ రెండు బ్యాటరీలు తోలిన, మోటర్ మీద చెయ్యి పెడ్తె చుర్రుమన్నది, ఆ తర్వాత దాని ఊపు మళ్ల రాలే. మా గల్లీ మూలకు బోరు మోటర్లు వైండింగ్ చేసే షాపు ఉంటది, తీస్కపోయి చూపించిన. ఆయన అరచేతుల పెట్టుకుని చూసి, సార్ నేను ఐదు హెచ్‌పీ, ఏడున్నర హెచ్‌పీ చేసేటోన్ని, దీన్ని నా చేతుల పెడితె నాకే నవ్వొస్తుంది, కొత్తది కొనుక్కో అన్నడు. కానీ బ్యాటరీ కాడి కనెక్టర్ మార్చి ఎక్స్‌టీ60 పెట్టాలంటె మాత్రం ఆయనే దిక్కు, నా 25 వాట్ల సోల్డరింగ్ రాడ్‌తోని లావు వైరుకు సీసం కరగనే కరగలే, ఆయన తన పెద్ద రాడ్‌తోని రెండు నిమిషాలల్ల పెట్టిండు, ఇరవై రూపాయలు తీసుకున్నడు. మీ ఊర్ల హాబీ షాపు లేదని ఏడ్వకుండ్రి, వైండింగ్ షాపు లేని ఊరు మన జిల్లాల ఉందా.

నాకు నిజంగ కోపం తెప్పించింది సర్వో, అదే స్టీరింగ్ తిప్పే చిన్న మోటర్. మామూలుగ సర్వోకు మూడు వైర్లుంటయి, ఏ కంపెనీదైన ఏ రిసీవర్‌కైన పెట్టుకోవచ్చు. దీంట్ల ఐదు వైర్లు. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవరు, మోటర్ స్పీడ్ నడిపే ఈఎస్సీ రెండు ఒకే బోర్డు మీద కలిపి చేసిండ్రు, స్టీరింగ్ తిప్పే తెలివి గూడ ఆ బోర్డుకే ఇచ్చిండ్రు. అంటె సర్వో పోతె మళ్ల అదే ఐదు వైర్లది ఎతకాలె, లేదంటె బోర్డు పీకేసి రిసీవర్ వేరే, ఈఎస్సీ వేరే, సర్వో వేరే, ఆఖరికి రిమోట్ గూడ వేరే కొనాలె. నేను ఇంకా అదే బోర్డు మీద నడిపిస్తున్న, పోయినప్పటి సంగతి అప్పుడు.

బ్యాటరీ పది నిమిషాలు వస్తది, ఉషారుగ గుంజితె ఎనిమిది. డబ్బాల వచ్చిన యూఎస్‌బీ ఛార్జర్‌తోని నిండనీకి పొద్దు గూకుతది. దాన్ని పక్కకు పడేసి బ్యాలెన్స్ ఛార్జర్ కొనుండ్రి, 1500 ఎంఏహెచ్‌కు 1.5 ఆంపియర్ పెడితె గంటకు అటు ఇటుగ అయిపోతది, రెండు సెల్లులు 4.2 వోల్టుల కాడ సమానంగ ఆగుతయి. వాడకుండ ఉంచాల్నంటె సెల్లుకు 3.8 కాడ పెట్టుండ్రి. ఉబ్బిన లైపోను ఇంట్ల ఉంచుకునుడు మొండితనం, నేను ఇసుక నింపిన ఇనుప డబ్బాల పెట్టి దాన్ని బయట గోడ పక్కకు పెడ్త.

ఇగ పాలమూరు ముచ్చట చెప్పాలె. మహబూబ్‌నగర్‌ల నలుగురు పోరగాళ్లు ఇదే పిచ్చి ఉన్నోళ్లు పరిచయమైండ్రు, నెలకొక ఆదివారం జడ్చర్ల దిక్కు కలుస్తుంటం. అక్కడ ఇండ్లు లేని వెంచర్లు మస్తు ఉన్నయి, నున్నటి రోడ్లు, మూలకు వంపులు, మనిషి కనవడడు, ట్రాక్ కట్టియ్యాల్నంటె ఎన్ని లక్షలు కావాల్నో. ఒకసారి వాచ్‌మెన్ తాత వచ్చి ప్లాటు చూడనీకి వచ్చిండ్రా బిడ్డా అని అడిగి, బండి చూసి నవ్వి, తాగనీకి నీళ్లు ఇచ్చి మరీ కూసున్నడు. అందరి రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్‌వే కాబట్టి ఐదు బండ్లు ఒక్కసారి తోలినా ఒకని సిగ్నల్ ఇంకొకనికి తాకదు, వెనకట 27 మెగాహెర్ట్జ్ బొమ్మకార్లల్ల నాది తిప్పితె పక్కింటోనిది తిరుగుతుండె.

వాళ్లల్ల ఒక అన్న దగ్గర ట్రాక్సస్ కంపెనీ స్లాష్ ఆర్సీ ట్రక్కు ఉంది, 1/10 స్కేలు, 2008ల వచ్చిన మోడల్. దాన్ని చూసినంక నా బండి మీద మోజు కొద్దిగ తగ్గిందన్న మాట నిజం, ఎత్తుగ ఉంటది, గులకరాళ్ల మీద గేదె నడిచినట్టు పోతది. కానీ దాని ధరకు నా అసొంటివి మూడు, నాలుగు వస్తయి. ఆ అన్నకు పాత మారుతి 800ను మాడిఫై చేసుడు గూడ పిచ్చే ఉండె, 2019ల సుప్రీంకోర్టు ఆర్సీ కాయితంల ఉన్నట్టే బండి ఉండాలె, మార్చొద్దని చెప్పినంక దాన్ని షెడ్డుల పెట్టి ఈ ఆర్సీల వడ్డడు. ఆ ఆర్సీకి భయపడి ఈ ఆర్సీ కొన్నరా అంటె నవ్వుతడు.

ఇంకో తమ్ముడు నా బండి అసొంటి దానికే బ్రష్‌లెస్ మోటర్, అంటె ఆ కార్బన్ ముక్కలు లేనిది, ఏసిండు, 3300 కేవీ. వోల్టుకు 3300 రౌండ్లు, 7.4 వోల్టులకు ఇరవై నాలుగు వేలు దాటినట్టు. ఏం లాభం, మొదటి గుంజుడుకే వెనక డ్రైవ్ షాఫ్టు వంకర పోయింది, మళ్ల వారం డిఫరెన్షియల్, అదే చక్రాలకు ఊపు పంచే గేర్లు, దాని పళ్లు పోయినయి. మోటర్ పెద్దది ఏస్తె కింద ఉన్నదంత గట్టిది ఏసుకుంట పోవాలె, అండ్ల అడుగు పెడితె జేబుకు బొక్కనే. నన్నడిగితె మొదటి రెండు వేలు టైర్లకు, బేరింగులకు, ఛార్జర్‌కు పెట్టుండ్రి, స్పీడ్ జోలికి ఏడాది దాకా పోకుండ్రి.

పిల్లలకు బర్త్‌డే గిఫ్ట్ అని కొనేటోళ్లు మాత్రం ఆగుండ్రి. మా మేనల్లునికి ఏడేండ్లు, వానికి రిమోట్ ఇచ్చిన ఒక్క నిమిషంలనే గ్రౌండ్ల వాకింగ్ చేసే పెద్దమనిషి కాలికి తగిలింది, పావుగంట తిట్లు తిన్న. వడ్లు ఆరబోసిన రోడ్ల మీదికి అసలే తీస్కపోకుండ్రి, కల్లం కాడ రైతు కండ్ల ముందట కుప్పల నుంచి బండి పోనిచ్చి నేను పడ్డ మాటలు ఇక్కడ రాయరావు, ఆయనదే న్యాయం. కానీ స్క్రూడ్రైవర్ పట్టుడు ఇష్టమున్నోళ్లు, చెడిపోతె సంబురపడేటోళ్లు కండ్లు మూసుకుని తీసుకోండ్రి, ఈ ధరల లోహపు చాసిస్, నూనె పోసిన షాకులు, విడిగ దొరికే ప్రతి ముక్క, ఇంకెక్కడ వస్తయి. ఐదుకు మూడున్నర ఇస్త, సర్వో మూడు వైర్లది ఉంటె నాలుగు ఇస్తుంటి.

ముందు కుడి చక్రం కాడి హబ్ పోయిన నెల జడ్చర్లల విరిగింది, ఆర్డర్ పెట్టి తొమ్మిది రోజులాయె ఇంకా రాలే. నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు ఎవరి దగ్గరన్న స్పేర్ ఉంటె చెప్పుండ్రి అన్నా, వచ్చే ఆదివారం మళ్ల కలుస్తున్నం, ఉత్త చేతులతోని పోయి గట్టు మీద కూసోబుద్ధి అయితలేదు.