వైజాగ్‌లో రెండు రోజులు, మూడు రకాల వైన్

సామర్లకోటలో రత్నాచల్ ఎక్కి మధ్యాహ్నానికల్లా వైజాగ్‌లో దిగిపోయాం నేనూ మా ఆవిడా. కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్ అన్నీ పిల్లలతో ఎన్నోసార్లు చూసినవే, ఈసారి వెళ్ళింది వేరే పని మీద. సీతమ్మధారలో ఉండే మా తోడల్లుడు ఎప్పట్నించో పిలుస్తున్నాడు, "అన్నయ్యా, మనూళ్ళో వైన్ షాపు అని బోర్డు ఉంటుంది గానీ లోపల అమ్మేదంతా బ్రాందీ, బీరే కదా, ఒకసారి రా, అసలు వైన్ ఎలా ఉంటుందో కూర్చుని చూద్దాం" అని.

మొదటి రాత్రి బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో దిగాం. రూమ్‌కి వంక పెట్టడానికి లేదు, కిటికీ తీస్తే సముద్రమే, పొద్దున పెసరట్టు కూడా బావుంది. బార్ మాత్రం బాగా నిరాశపరిచింది. రెడ్ వైన్ అడిగితే గోరువెచ్చగా తెచ్చారు, ముక్కు దగ్గర పెడితే వెనిగర్ వాసన, ఎప్పుడో తెరిచిన సీసాలో అడుగున మిగిలింది పోసినట్టున్నారు. అదేంటని అడిగితే "రెడ్ రూమ్ టెంపరేచర్‌లోనే ఇస్తాం సార్" అన్నారు. రూమ్ టెంపరేచర్ అన్న మాట చలిదేశాల ఇళ్ళని చూసి పుట్టింది, అంటే 16-18 డిగ్రీలు, మన వైజాగ్ ఉక్కపోతకి అది ఎలా సరిపోతుంది? గ్లాసు మార్చలేదు, బిల్లు మాత్రం పూర్తిగా వేశారు. మొదటిసారి తాగేవాళ్ళకి ఇలాంటిది ఇస్తే వైన్ అంటేనే ఇంతేనేమో అనుకుని మళ్ళీ ముట్టుకోరు, నాకు బాధనిపించింది అక్కడే.

రెండో రోజు రుషికొండ వైపు చిన్న హోటల్‌కి మారాం. రూమ్ ఇరుకు, బాత్రూమ్‌లో వేడినీళ్ళు రావడానికి పది నిమిషాలు పట్టింది, అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను, కింద రెస్టారెంట్లో వడ్డించిన కుర్రాడి కోసం. ఫుల్ గ్లాసులు వద్దు సార్ అని తనే చెప్పి, తోడల్లుడితో కలిపి మా ముగ్గురికీ కొంచెం కొంచెం పోశాడు. ముందు నాసిక్ సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్లవైన్, బాగా చల్లగా. గ్లాసుని కాడ దగ్గర పట్టుకోండి, చేతి వేడి తగలకూడదు, నెమ్మదిగా తిప్పి ముక్కు పెట్టండి, తాగొద్దు అప్పుడే, అన్నాడు. నాకేమీ తెలీలేదు. మా ఆవిడ కళ్ళు మూసుకుని రెండుసార్లు పీల్చి "దోర జామకాయ" అంది. ఆ కుర్రాడి మొహం వెలిగిపోయింది, "కరెక్ట్ మేడమ్, దీన్లో జామ వాసనే చెప్తారు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకూ తెలిసింది, మా పెరట్లో చెట్టు కింద నిలబడినట్టే.

తర్వాత షిరాజ్, ఎర్రది. మిరియాల ఘాటు, వెనకాలే నాలుక ముడుచుకుపోయే వగరు, అచ్చం నేరేడు పళ్ళు తిన్నట్టు. ఆ వగరు ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వస్తుందట, తెల్లవైన్‌కి రసం పిండి తొక్కలు తీసేస్తారు, ఎర్రదానికి తొక్కలతోనే పులియబెడతారు. షడ్రుచుల్లో వగరుని లెక్కపెట్టే మనకి ఇది కొత్త రుచేమీ కాదు, పేరు పెట్టడమే తెలియాలి. అయితే కారం దట్టించిన వంజరం వేపుడుతో అదే షిరాజ్ తాగితే నోరు రెండింతలు మండింది. అది చూసి కుర్రాడు కాస్త తియ్యగా ఉండే షెనిన్ బ్లాంక్ అనే ఇంకో తెల్లవైన్ తెచ్చాడు, చేపకి భలే కుదిరింది.

మాటల్లో మా తోడల్లుడు చెప్పాడు, హంపి కొండల దగ్గర ద్రాక్షతోట వేసి వైన్ చేస్తున్నది గ్రాన్యూల్స్ మందుల కంపెనీ చిగురుపాటి కృష్ణప్రసాద్ గారూ ఉమ గారూ అని, మన తెలుగువాళ్ళే అని వినగానే సంతోషమేసింది. ఈసారి అటు వెళ్ళాలి.

రుషికొండ వైపు వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. బండి మీద వెళ్ళకండి, రాత్రి తిరుగు క్యాబ్ ముందే మాట్లాడుకోండి, తొమ్మిది దాటాక అటువైపు మాకు అరగంట దొరకలేదు. ఆర్డర్ చేసేముందు సీసా ఎప్పుడు తెరిచారని అడగండి. శని ఆదివారాలు కాకుండా వెళ్ళండి, మేం వెళ్ళింది మంగళవారం కాబట్టే ఆ అబ్బాయికి మా దగ్గర అంతసేపు నిలబడే తీరిక దొరికింది.