బడ్డీ ఫ్రాంక్లిన్ సంతకం జెర్సీ కొనేవాళ్లకు జాగ్రత్త: గెలవని కప్పు కూడా చెక్కి అమ్ముతున్నారు

మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న మనవాళ్లెవరైనా బడ్డీ ఫ్రాంక్లిన్ సంతకం ఉన్న జెర్సీ, బంతి, ఫ్రేమ్ లాంటివి ఆన్‌లైన్‌లో బేరమాడుతుంటే, డబ్బు పంపేముందు కాస్త ఆగి ఇది చదవండి. నేను 850 డాలర్లు పెట్టి కొన్నది డూప్లికేట్ అని తేలింది. అమ్మినవాడు నన్ను బ్లాక్ చేసి, అదే సరుకు మళ్లీ అమ్మకానికి పెట్టాడు. కనీసం ఫోటో కూడా మార్చలేదు.

ఫుటీ తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. లాన్స్ ఫ్రాంక్లిన్‌ని ఇక్కడ అందరూ బడ్డీ అనే పిలుస్తారు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్. మొదట హాథోర్న్‌కి, 2014 నుంచి సిడ్నీ స్వాన్స్‌కి ఆడాడు, రెండు చోట్లా 23వ నంబరే. 2023 జులై 31న రిటైరయ్యేనాటికి 354 మ్యాచ్‌లు, 1066 గోల్స్. ఆ ఆట చరిత్రలో అతని కంటే ఎక్కువ కొట్టినవాళ్లు ముగ్గురే: టోనీ లాకెట్, గోర్డన్ కోవెంట్రీ, జేసన్ డన్‌స్టల్. 2022 మార్చి 25 రాత్రి సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో జీలాంగ్ మీద వెయ్యో గోల్ పడగానే వేలమంది జనం గ్రౌండ్‌లోకి దూకేశారు. ఇంత పేరున్నవాడి సంతకానికి గిరాకీ ఉంటుంది. గిరాకీ ఉన్నచోట దొంగసరుకూ వస్తుంది.

ట్రూగనీనాలో మా బావగారి గృహప్రవేశానికి ఏదైనా గుర్తుండిపోయేది ఇద్దామని చూశాం. ఆయన ఈ దేశం వచ్చినప్పటినుంచీ హాథోర్న్ అభిమాని. బడ్డీ పేరెత్తితే చాలు, ఇంట్లో వాదన మొదలవుతుంది. "తొమ్మిదేళ్లు, పది మిలియన్ డాలర్లు అన్నారు కదా, సిడ్నీ వెళ్లి ఒక్క కప్పు గెలిచాడా?" అనేది ఆయన శాశ్వత ప్రశ్న. మా మేనల్లుడు స్వాన్స్ పక్షం. వాడి జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "వాళ్లు కొన్నది గోల్స్, మావయ్యా." అందుకే రెండు క్లబ్బుల జెర్సీలూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్న లిస్టింగ్ కనబడగానే ఇద్దరికీ సరిపోతుందనిపించింది. ఎడమవైపు హాథోర్న్ గోధుమ-బంగారు చారలు, కుడివైపు స్వాన్స్ ఎరుపు-తెలుపు, రెండిటి మీదా నల్ల మార్కర్‌తో సంతకం, కింద ఇత్తడి ప్లేటు. ఫోటోలో ప్లేటు మీద మెరుపు పడి అక్షరాలు కనబడలేదు. ఆ మెరుపు ఊరికే పడలేదని ఇప్పుడు నా అనుమానం.

ఫ్రేమ్ విప్పిన అరనిమిషంలో బావగారు ప్లేటు చదివి నవ్వడం మొదలుపెట్టారు. 1066 గోల్స్, కరెక్ట్. 354 మ్యాచ్‌లు, కరెక్ట్. కోల్‌మన్ మెడల్స్ (సీజన్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చేవి) 2008, 2011, 2014, 2017, అదీ కరెక్టే. దాని కింద "ప్రీమియర్‌షిప్స్: 2008, 2012, 2013", అంటే గెలిచిన కప్పులు, అని చెక్కించాడు మహానుభావుడు. 2012 కప్పు సిడ్నీది. ఆ ఫైనల్లో సిడ్నీ చేతిలో పది పాయింట్ల తేడాతో ఓడిపోయిన హాథోర్న్ జట్టులోనే బడ్డీ ఉన్నాడు! తను ఓడిపోయిన మ్యాచ్ కప్పుని తన ఖాతాలో వేశారన్నమాట. "బావమరిదీ, నేను పదేళ్లుగా మొత్తుకుంటున్న కప్పు వీడు ఇత్తడి మీద ఇచ్చేశాడయ్యా" అన్నారాయన.

నవ్వుతో సరిపెట్టుకోలేక ఫ్రేమ్ వెనక అట్ట తీసి చూశాం. ఈ భాగం కొంచెం శ్రద్ధగా చదవండి, మీకు పనికొస్తుంది. నిజంగా మార్కర్‌తో పెట్టిన సంతకం అయితే సిరా గుడ్డ నేతలోకి ఇంకుతుంది. చెయ్యి ఆగినచోట గీత లావుగా, వేగంగా పోయినచోట సన్నగా ఉంటుంది. దీని మీద గీత మొదటినుంచి చివరిదాకా ఒకే మందం. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి జూమ్ చేస్తే నలుపంతా చిన్నచిన్న చుక్కలు. అంటే ప్రింటు. పైగా రెండు జెర్సీల మీది సంతకాలూ ఒకదాని ఫోటో తీసి రెండోదాని మీద పెడితే ఎక్కడా తేడా లేదు. మనిషి చేత్తో రెండుసార్లు అలా పెట్టడం జరిగే పని కాదు. "సర్టిఫికెట్ ఆఫ్ అథెంటిసిటీ" కాగితం మీది హోలోగ్రామ్ స్టిక్కర్ గోటితో గీకితే వెండిరంగు పొడిలా రాలింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అమ్మినవాడి సొంత పేజీకే పోయింది. వాడి సరుకు నిజమైనదని వాడే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాడు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫ్రేముల మీద సంతకం ప్రింటు వేసి అమ్మడం అన్నిసార్లూ మోసం కాదు. లైసెన్సు ఉన్న పోస్టర్లలో కూడా "ఫాక్సిమిలీ సంతకం" అని చెప్పి అమ్మేవి ఉంటాయి, వాటి ధర తక్కువ. మోసగాళ్లు ఆ మాట మింగేస్తారు, లేదా లిస్టింగ్ అడుగున కనీకనబడకుండా పెడతారు. వివరణలో "సైన్డ్" అని ఉందా, "హ్యాండ్ సైన్డ్" అని ఉందా అన్నది మెసేజ్‌లో అడిగి జవాబు రాయించుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేపు పనికిరాదు.

డబ్బు సంగతి. వాడు మొదటినుంచీ పేఐడీ (ఫోన్ నంబరు, మెయిల్ లాంటివాటితో బ్యాంకు డబ్బు పంపే ఏర్పాటు) అన్నాడు, లేకపోతే పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" అన్నాడు. పేపాల్‌లో ఆ రెండో దారిన పంపితే కొనుగోలుదారు రక్షణ ఉండదు, అందుకే వాళ్లకది ముద్దు. మేం పేఐడీలో పంపాం. సరుకు వచ్చేలోపు "పేఐడీ" పేరుతో మెయిల్ ఒకటి వచ్చింది: ఖాతా అప్‌గ్రేడ్ కావాలంటే ఇంకో 300 పంపాలట, తర్వాత తిరిగొస్తుందట. పేఐడీ అనేది బ్యాంకుల మధ్య నడిచే ఏర్పాటు. అది మనకు నేరుగా మెయిల్ పెట్టదు, ఫోన్ చెయ్యదు. ఏం చెప్పినా మన బ్యాంకు చెప్పాల్సిందే. ఆ 300 పంపలేదు కాబట్టి పోయింది 850 మాత్రమే. తిరిగివ్వమని అడిగితే "ప్రైవేట్ సేల్, నో రీఫండ్" అని ఒక్క లైను, ఆ వెంటనే బ్లాక్.

వాడి అమ్మకపు మాటల్లో నాకు అన్నిటికంటే చిరాకనిపించింది ఇది: "రిటైరయ్యాడు కదా, గొప్పవాడా కాదా అని జనం కొట్టుకుంటున్నారు, రేపు ధర రెట్టింపవుతుంది." ఆ వాదన నిజమే, దాన్నే వీళ్లు అమ్ముకుంటున్నారు. వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లు చెప్పేది తీసిపారేసేది కాదు. లాకెట్ 281 మ్యాచ్‌ల్లో 1360 కొట్టాడు, డన్‌స్టల్ 269లో 1254. బడ్డీ సగటు మ్యాచ్‌కి మూడు. కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్‌లు, గ్రాండ్ ఫైనల్స్, ఆరు ఆడి గెలిచింది రెండు, ఆ రెండూ హాథోర్న్‌తోనే. అతను వెళ్లిపోయాక హాథోర్న్ 2014, 2015 కప్పులు కూడా ఎత్తింది. అందులో 2014 ఫైనల్ అయితే సిడ్నీ మీదే, 63 పాయింట్ల తేడాతో. ఓడిన జట్టులో ఉండి కూడా ఆ రోజు నాలుగు గోల్స్ కొట్టాడు బడ్డీ, ఆ మాట బావగారు ఎప్పుడూ చెప్పరు.

నా లెక్క వేరు. అతని కాలంలో జట్టు మొత్తం వెనక్కొచ్చి కాపలా కాసే పద్ధతి వచ్చేసింది, ఒక్క ఫార్వర్డ్‌కి బంతి అందించి పక్కకు తప్పుకునే రోజులు పోయాయి. 2008లో 113 గోల్స్ కొట్టాడు, ఆ తర్వాత ఒక సీజన్లో వంద దాటినవాడు ఇంకా పుట్టలేదు. ఆ ఏడాది చివరి రౌండ్‌లో కార్ల్‌టన్ మీద వంద పూర్తి చేసుకుంటే, అదే మ్యాచ్‌లో అవతలి జట్టు ఫార్వర్డ్ బ్రెండన్ ఫెవోలా 99 దగ్గర ఆగిపోయాడు. అలాంటి సీజన్ చూసినవాళ్లు కప్పుల లెక్క అడగరు. ఈ వాదన తేలదు, తేలక్కర్లేదు కూడా. కానీ అభిమానికి ఎక్కడ వెలితి ఉందో నకిలీగాళ్లకు బాగా తెలుసు. సిడ్నీతో కప్పు లేదన్నది ఆ వెలితి, ప్లేటు మీద అబద్ధం సరిగ్గా అక్కడే పడింది.

అప్పటినుంచి అలాంటి లిస్టింగులు కావాలనే చూస్తున్నాను. ఒకచోట "నార్మ్ స్మిత్ మెడల్ విజేత" అని రాశారు. అది గ్రాండ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చేది, బడ్డీకి ఎప్పుడూ రాలేదు. 2008లో ల్యూక్ హాడ్జ్‌కి, 2013లో బ్రయన్ లేక్‌కి వచ్చింది. ఇంకోచోట పెన్సిల్ బొమ్మలో బడ్డీ కుడికాలితో తంతున్నాడు. ఎడమకాలి వాటం, గోల్‌కి వంపు తిరుగుతూ పరుగెత్తి రావడం, ఈ రెండూ తెలియనివాడు బడ్డీ బొమ్మ వేయడమేమిటి! మూడోది మరీ ఘోరం: "వెయ్యో గోల్ మ్యాచ్‌లో వాడిన అసలు బంతి" అంటూ ఎర్రటి షెరిన్ (ఫుటీ బంతుల బ్రాండు) బంతి. అది శుక్రవారం రాత్రి మ్యాచ్. రాత్రి మ్యాచ్‌లకు పసుపు బంతి వాడతారు. గుర్తుగా సంతకం చేసిన ఎర్ర బంతి ఉండొచ్చు, ఆ రాత్రి ఆడిన బంతి మాత్రం ఎర్రగా ఉండే వీల్లేదు.

కొనాలనే ఉంటే క్లబ్బు సొంత షాపులోనో, ఈ ఆట నడిపే లీగ్ ఏఎఫ్‌ఎల్ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో కొనండి. లిమిటెడ్ ఎడిషన్ అంటే ఎన్నింటిలో ఎన్నోదో నంబరు అడగండి, ఆ నంబరు కనబడే ఫోటో అడగండి, ప్లేటు ఎండలో కాకుండా నీడలో తీసి పంపమనండి. వీలైతే ముఖాముఖి చూసి తీసుకోండి. దూరం నుంచి తప్పకపోతే క్రెడిట్ కార్డు మీద కట్టండి, సరుకు చెప్పినట్టు లేకపోతే బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడిగే అవకాశమైనా ఉంటుంది.

ఇప్పటికే పంపేసినవాళ్లు ముందు బ్యాంకుకి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. తర్వాత ప్రభుత్వ సైట్లు స్కామ్‌వాచ్‌లో, రిపోర్ట్‌సైబర్‌లో ఫిర్యాదు పెట్టండి. "ప్రైవేట్ సేల్" అనగానే వెనక్కి తగ్గకండి. ఇంట్లో పాత వస్తువు ఒకటి అమ్ముకునేవాడికి వినియోగదారుల చట్టంలోని హామీలు చాలావరకు వర్తించవు, నిజమే. కానీ ఒకే పేరు మీద వరసగా డజన్లకొద్దీ ఫ్రేములు అమ్మేవాడు చేసేది వ్యాపారం. వాడి పాత లిస్టింగుల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. విక్టోరియాలో కన్స్యూమర్ అఫైర్స్‌కి, న్యూ సౌత్ వేల్స్‌లో ఫెయిర్ ట్రేడింగ్‌కి ఆ స్క్రీన్‌షాట్లతో రాస్తే మన మాటకు బలముంటుంది. నేనూ అవే పెట్టి పంపాను, జవాబు కోసం చూస్తున్నాను. ఈలోగా రెండు జెర్సీలు, నల్ల చట్రం, ప్లేటు మీద మెరుపు, ధర 850 నుంచి 700కి దించిన లిస్టింగ్ ఏదైనా కనబడితే అది మా బావగారింట్లో గోడకెక్కని ఫ్రేమ్‌కి తమ్ముడే అనుకోండి.