కొత్త వాల్యూమ్ సగం ధరకే అంటే డబ్బు కట్టకండి: నెల్లూరు, ఒంగోలు మాంగా కొనేవాళ్లకి

మన నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లలో మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు కొనేవాళ్లు పెరిగారు. వాళ్లకి గాలం వేయడానికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తయారైంది. పేరు రాయను, రాసినా రేపటికి ఇంకో పేరు పెట్టుకుంటారు. పోస్టులు మాత్రం ఒకే మూసలో ఉంటాయి: ‘వన్ పీస్’ అనే మాంగా సిరీస్ కొత్త వాల్యూమ్‌లు, సగం ధర, స్టాక్ తక్కువ, డబ్బు ముందే యూపీఐలో కొట్టాలి, క్యాష్ ఆన్ డెలివరీ లేదు. నేనూ మా తమ్ముడూ కలిసి మూడు వాల్యూమ్‌లు తెప్పించుకున్నాం. మాగుంట లేఅవుట్ కొరియర్ ఆఫీసు నుంచి పార్సిల్ తెచ్చి విప్పితే మూడూ దొంగ ప్రింట్లే.

పైకి చూస్తే తెలీదు. అట్ట తళతళలాడుతోంది. లోపల ఉంది అసలు సంగతి. మాంగాలో నీడలన్నీ సన్నటి చుక్కలతో వేస్తారు. మాకొచ్చిన వాటిలో ఆ చుక్కలన్నీ కలిసిపోయి మసి పూసినట్టు తయారయ్యాయి. బైండింగ్ వైపున్న మాటలు సగం జిగురులోకి పోయాయి. అంతకంటే ఘోరం, రెండు పేజీల మీద పరుచుకోవాల్సిన పెద్ద యుద్ధం బొమ్మ ఒకే కాగితానికి ముందూ వెనకా పడింది. మధ్యలో ఎక్కడో ఒక పేజీ ఎగిరిపోవడంతో అక్కడి నుంచి లెక్కంతా జరిగిపోయింది. కత్తి ఎత్తినవాడు ఒకవైపు, దెబ్బ తిన్నవాడు కాగితం తిప్పితే గానీ కనపడడు.

ఇంకో రెండు గుర్తులు చెప్తాను. ‘వన్ పీస్’ నాలుగో వాల్యూమ్ నుంచి ఎస్‌బీఎస్ అని పాఠకుల ప్రశ్నలకి, ఆ సిరీస్ రాసి గీసే ఓడా జవాబిచ్చే పేజీలు ఉంటాయి. మా ప్రతుల్లో అవి లేనే లేవు. అధ్యాయాలు అతికించారు, అంతే. రెండోది, విజ్ మీడియా వేసే ఇంగ్లిష్ పుస్తకాల్లో కత్తివీరుడి పేరు జోలో అని ఉంటుంది. వీటిలో జోరో అని ఉంది. అంటే అభిమానులు నెట్‌లో పెట్టిన అనువాదాన్ని దించుకుని ప్రింటు కొట్టేశారన్నమాట.

మూడింటిలో ఒకటైతే ఇంగ్లిష్‌లో ఇంకా విడుదలే కాలేదు! అందరూ మోసపోయేది ఇక్కడే. జపాన్‌లో అధ్యాయాలు ముందు వారపత్రికలో వస్తాయి, పదీ పదకొండు పోగయ్యాక వాల్యూమ్ అవుతుంది, దాని ఇంగ్లిష్ పుస్తకం రావడానికి ఇంకా చాలా నెలలు పడుతుంది. ఈ సందులోనే వీళ్ల వ్యాపారం. కాబట్టి కొత్త నంబరు కనిపించగానే ముందు విజ్ సైట్‌లో ఆ వాల్యూమ్ తేదీ చూడండి. ఆ తేదీ ఇంకా రాకపోతే మీకు అమ్ముతున్నది ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) కూడా ఫొటో పెట్టమని అడగండి. ప్రతి వాల్యూమ్‌కీ వేరే నంబరు ఉండాలి. మా మూడింటికీ ఒకటే నంబరు, వెతికితే అదేదో పాత వాల్యూమ్‌ది.

ఈ ప్రింట్లు చదివి రివ్యూలు రాసేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. కొత్త వాల్యూమ్‌లో బొమ్మలు గజిబిజిగా ఉన్నాయట, ఫైట్ అర్థం కాలేదట, ఓడాకి పస తగ్గిందట. 1997 నుంచి గీస్తున్న మనిషిని తిట్టే ముందు చేతిలో ఉన్నది అసలుదో కాదో చూసుకోవద్దా?

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కంగారుపడి అసలు పుస్తకాన్ని కూడా వెనక్కి పంపకండి. మాంగా కుడి నుంచి ఎడమకే చదవాలి. మా అత్త మా ఇంట్లో ఉన్న ఒరిజినల్ తిరగేసి, "ఇదేందిరా, ఎనక నించి కుట్టారు, మార్చుకోని రాపోండి" అంది. విజ్ పుస్తకాన్ని మామూలుగా ఎడమ వైపు నుంచి తెరిస్తే, మీరు తప్పు వైపు నుంచి చదువుతున్నారని చెప్పే పేజీ ఒకటి కనిపిస్తుంది. అది ఉంటే మంచిదే.

ఇంకో మాట. డబ్బు కట్టాక "జీఎస్టీ వేరే" అని ఇంకొంచెం గుంజుతున్నారు. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ సున్నా. కొత్త అధ్యాయం కోసం ఆగలేకపోతే జపాన్‌లో ‘వన్ పీస్’ వేసే షుయేషా వాళ్ల మాంగా ప్లస్ యాప్ ఉంది. చాలా సిరీస్‌లకి మొదటి మూడు, తాజా మూడు అధ్యాయాలు ఉచితం. పుస్తకం కావాలంటే బిల్లు ఇచ్చే షాపులోనో, వాపసు తీసుకునే సైట్‌లోనో కొనండి. అసలుది నాలుగైదు వందలు అవుతుంది, అవనీయండి.

ఇప్పటికే కొన్నవాళ్లు చాట్, పోస్టు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి, ఫిర్యాదు చేశారని తెలిస్తే మిమ్మల్ని బ్లాక్ చేస్తారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు.

మేం 1915కి ఫిర్యాదు పెట్టాక ఆ పేజీవాడు మెసేజ్ చేశాడు: సగం డబ్బు ఇస్తాడట, పుస్తకాలు మాత్రం ముందు వెనక్కి పంపాలట. పంపలేదు. మా దగ్గరున్న సాక్ష్యం అవే.