ఆపరేషన్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టే ముందు ఇవి అడగండి

పిల్లలకి టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో ఆసుపత్రి వెతుకుతున్న అమ్మానాన్నలూ, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. గత నెల మా నాలుగేళ్ల బాబుకి ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేయించాం. సర్జన్ మంచివారు, ఆపరేషన్ బాగానే జరిగింది. నా బాధంతా దానికి ముందు గడిచిన గంటల గురించి, ఆ తర్వాత రాత్రి గురించి.

కౌంటర్‌లో ఇచ్చిన ప్యాకేజీ కాగితంలో గది, ఓటీ (ఆపరేషన్ థియేటర్), మందులు, అన్నీ లెక్కేసి రాశారు. బిడ్డని ఎన్నింటికి లోపలికి తీసుకెళ్తారు, రాత్రి ఏ డాక్టరు ఉంటారు అన్న మాట ఎక్కడా లేదు. మేమూ అడగలేదు.

ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, "రాత్రి 10 తర్వాత ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా వద్దు. పొద్దున 7కి ఫస్ట్ కేసు మీదే" అన్నారు. ఆరింటికే వెళ్లి కూర్చున్నాం. తొమ్మిదయ్యాక, ఎమర్జెన్సీ కేసు వచ్చింది, ఆగాలన్నారు. ఎమర్జెన్సీ వస్తే ఎవరైనా ఆగాల్సిందే, దానికి నేను తప్పు పట్టను. కానీ ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేదు. వాణ్ణి లోపలికి తీసుకెళ్లేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. అంటే 15 గంటల పైనే చుక్క నీరు లేదు. పక్క మంచం వాళ్లు ఇడ్లీ డబ్బా మూత తీస్తే మావాడు దుప్పట్లో తల దూర్చేశాడు. పదకొండింటికి బాత్రూమ్‌లో చేతులు కడిగిస్తుంటే తడి వేళ్లు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. నీళ్లు పోతే ప్రమాదమన్నారు కదా అని ఆ వేళ్లు నేనే లాగేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

మత్తు డాక్టరు తర్వాత చెప్పిన లెక్క ఇది. ఇడ్లీ లాంటి తేలికపాటి టిఫిన్, ఆవు పాలు, గేదె పాలు ఆపరేషన్‌కి 6 గంటల ముందు ఆపాలి. తల్లిపాలైతే 4 గంటలు. మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు వరకూ తాగొచ్చు. పిల్లలకి మంచినీళ్లు గంట ముందు వరకూ ఇవ్వొచ్చని యూరప్ మత్తు వైద్యుల సంఘం 2022లో చెప్పింది కూడా. ఆలస్యమవుతుందని తెలియగానే వార్డు నుంచి ఓటీకి ఒక్క ఫోన్ చేసి ఉంటే మావాడికి నాలుగు గుక్కలు దొరికేవి. మీరు మాత్రం సొంత నిర్ణయంతో ఏమీ పట్టకండి, కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే నిజంగానే ప్రమాదం. కానీ ఆలస్యమైతే, మొహమాటపడకుండా, "మత్తు డాక్టర్‌ని అడిగి చెప్పండి, నీళ్లు ఇవ్వొచ్చా?" అని నర్సుల వెంటపడండి.

మెలకువ వచ్చాక వాడు నన్ను గుర్తుపట్టలేదు. తన్నాడు, సెలైన్ సూది పీకబోయాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మత్తు దిగేటప్పుడు చిన్నపిల్లల్లో ఇది తరచూ కనిపించేదేనట. మావాడు అరగంటలో నెమ్మదించాడు. ముందే ఒక మాట చెప్పి ఉంటే అంత బెంబేలు పడేదాన్ని కాదు.

రాత్రి ఒక్కరే ఉండాలని మావారిని పంపేశారు. రెండింటప్పుడు చూస్తే వాడు నిద్రలోనే మాటిమాటికీ గుటకలు మింగుతున్నాడు. ఫోన్ లైటు వేశాను. దిండు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. నర్సు వచ్చి, "టాన్సిల్స్‌కి ఇలాగే ఉంటుందమ్మా, పడుకోనివ్వండి" అని వెళ్లిపోయింది. మా పెద్దమ్మ కూతురు నర్సుగా చేస్తుంది, తనకి ఫోన్ చేసి నిద్ర లేపి అడిగాను. "అలా గుటకలు మింగుతుంటే లోపల రక్తం కారుతూ ఉండొచ్చక్కా, డాక్టర్ని పిలిపించు, ఊరుకోకు" అంది. నర్సుల కౌంటర్ దగ్గర నిలబడి గట్టిగా అడిగితే డ్యూటీ డాక్టరు మూడుంపావుకి వచ్చారు. రెండు బ్లాకులకీ ఆయనొక్కరే. దేవుడి దయవల్ల రక్తం దానంతటదే ఆగింది. మొదటి 24 గంటలూ, మళ్లీ ఇంటికొచ్చాక 5వ రోజు నుంచి 10వ రోజు దాకా రక్తం వచ్చే అవకాశం ఉంటుంది. ఎర్రటి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డిశ్చార్జ్ అని పొద్దున 10కే చెప్పారు. బయటపడింది రాత్రి 7కి. ఇన్సూరెన్స్ వాళ్లదే ఆలస్యం అన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024 నిబంధన ప్రకారం ఆసుపత్రి అడిగిన 3 గంటల్లో కంపెనీ అనుమతివ్వాలి. ఆరా తీస్తే ఆసుపత్రి ఫైనల్ బిల్లు పంపిందే నాలుగింటికి! మీరు ఇన్సూరెన్స్ కంపెనీకి నేరుగా ఫోన్ చేసి బిల్లు ఎన్నింటికి అందిందో కనుక్కోండి.

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి మూడు వారాలైంది, జవాబు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నీళ్లు ఎన్నింటిదాకా ఇవ్వొచ్చు, ఆలస్యమైతే మాకు ఎవరు చెబుతారు, రాత్రి ఆ ఫ్లోర్‌లో డాక్టర్ ఉంటారా, ఈఎన్‌టీ డాక్టర్‌ని పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు, ఇవన్నీ ఆ ప్యాకేజీ కాగితం మీదే రాయించుకోండి. రాసివ్వడం కుదరదంటే ఆ రోజుకి అడ్వాన్స్ కట్టకుండా వచ్చేయండి. ఈ ఆపరేషన్ చాలామంది పిల్లలకి అప్పటికప్పుడు చేయాల్సింది కాదు. కొన్నాళ్లు ఆగొచ్చా అని మీ డాక్టర్ని అడిగి ఇంకోచోట చూసుకోండి.