ఔలీ స్కీయింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

డబ్బు కట్టేశారా? కట్టేస్తే మీ ఖర్మ, కనీసం మంచి మేజోళ్లయినా కొనుక్కోండి. ఇంకా కట్టకపోతే మాత్రం ఆగండి. నిన్న రాత్రి పదకొండు గంటలకు శంషాబాద్‌లో దిగాను. సూట్‌కేసు ఇంకా తెరవలేదు, మోకాళ్లు వంగడం లేదు, కోపం తగ్గలేదు. తగ్గాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనని భయం వేసి ఇప్పుడే రాస్తున్నాను.

ఉత్తరాఖండ్ కొండల్లోని ఔలీకి స్కీయింగ్ యాత్రలు అమ్మే ఒక కంపెనీ గురించి రాస్తున్నాను, ఎవరో మీకు తెలుసు. పేరు రాయను. ప్రతి శీతకాలం నీలం జాకెట్లవాళ్లు గాల్లోకి ఎగురుతున్న ఫొటోలు పెట్టి, "కొత్తవారికీ, కొంచెం వచ్చినవారికీ ఒకే చోటు" అని ఊదరగొడతారే, వాళ్లే. ఆ ఒక్క వాక్యానికే పడిపోయాను. ఎందుకంటే మా ఇంట్లో సరిగ్గా ఆ రెండు రకాలవాళ్లమే ఉన్నాం. నేను, మా ఆవిడ, పదేళ్ల అమ్మాయి ముగ్గురం మంచు అంటే ఫ్రిజ్‌లో చూసినవాళ్లం. మా బావమరిది డెన్వర్‌లో ఉంటాడు, నాలుగు శీతకాలాలుగా స్కీయింగ్ నేర్చుకుంటున్నాడు. సంక్రాంతికి ఇంటికి వస్తున్నాడు కదా, అందరం కలిసి వెళ్దాం అన్నది నా ఐడియా. ఇంట్లో ఇక పదేళ్లపాటు నా ఐడియాలు ఎవరూ అడగరు.

మనిషికి 38,500. నలుగురికి 1,54,000. మొత్తం ముందే కడితే రెండు వేలు తగ్గింపు అన్నారు. ఆ రెండు వేల కోసం లక్షన్నర వాళ్ల చేతిలో పోసిన మహానుభావుణ్ణి నేనే.

కట్టిన మర్నాడు బావమరిది అమెరికా నుంచి వాళ్లతో ఫోనులో మాట్లాడాడు. అక్కడి వాలుల దగ్గర బోర్డులుంటాయట. పచ్చ వృత్తం తేలికది, నీలం చదరం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. యూరప్‌లో లెక్క వేరు. అక్కడ నీలం అంటేనే తేలిక, మధ్యస్థానికి ఎరుపు. వీళ్ల ప్రకటనలో "నీలం వాలులు" అని ఉంది కాబట్టి, "మీ నీలం ఏ నీలం?" అని అడిగాడు. దానికి వచ్చిన సమాధానం: "మా దగ్గర అన్ని రకాల నీలాలూ ఉన్నాయి సార్." వాడు చెబితే నేను పడీపడీ నవ్వాను. చీర కొట్లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు, ఇదేదో తేడాగా ఉందని ఆ క్షణంలోనే నాకు తట్టాల్సింది.

ప్రయాణం సంగతి వదిలేయండి. రిషీకేశ్ నుంచి ఔలీ కింద ఉన్న జోషిమఠ్ ఊరికి 250 కిలోమీటర్లు, అలకనంద పక్కనే ఘాట్ రోడ్డు, దేవప్రయాగ మొదలు నందప్రయాగ వరకు నాలుగు ప్రయాగలు దాటాం, అమ్మాయి రెండుచోట్ల వాంతి చేసుకుంది. బదరీ యాత్రకు వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు ఈ రోడ్డు గురించి చెప్పినవన్నీ నిజమే.

అసలు కథ భోగి రోజు ఉదయం జరిగింది.

మా కాగితంలో స్పష్టంగా ఉంది: "జోషిమఠ్ నుంచి ఔలీకి కేబుల్ కారులో రానుపోను ప్రయాణం ప్యాకేజీలో భాగం." అమ్మాయి అసలు రావడానికి ఒప్పుకున్నదే దానికోసం. దాదాపు నాలుగు కిలోమీటర్లు కొండల మీదుగా గాల్లో వెళ్తాం, కింద దేవదారు చెట్లు కనిపిస్తాయి అని నెల రోజులుగా చెబుతూ వచ్చాను. డ్రైవరు మమ్మల్ని టాక్సీలు ఆగేచోట దింపాడు. ఇక్కడ కాదు, కేబుల్ కారు ఎక్కే రోప్‌వే దగ్గరికి పోనిమ్మని కాగితం చూపించాను. అతను కాగితం చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనకుండా వెళ్లి టీకొట్టు పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, హిందీలో మెల్లగా, "ఇది ఎవరిచ్చారు మీకు?" అన్నాడు.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. సామానుతో సహా అందరినీ నడిపించుకుంటూ స్టేషన్ దాకా తీసుకెళ్లాను. గేటుకు తాళం ఉంది. ఆ తాళం నిన్న వేసినది కాదని ఎవరికైనా తెలుస్తుంది, తుప్పు పట్టి గొలుసుతో ఒకటైపోయింది. మెట్ల మీద ఒక కుక్క, ఈ లోకంతో తనకు సంబంధం లేనట్టు పడుకుని ఉంది. అమ్మాయి గేటు పక్కనున్న బోర్డు మీది దుమ్ములో వేలితో నవ్వు బొమ్మ గీసింది. వేలు నల్లగా అయింది. "ఎప్పుడు తెరుస్తారు నాన్నా?" అంది. వెనక్కి తిరిగేసరికి ఎదురింటి గోడ మీద పెద్ద బీట, దాని పక్కన వెలిసిపోయిన ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు.

అప్పుడు గుర్తొచ్చింది. 2023 జనవరిలో జోషిమఠ్ కుంగిపోతోందని, ఇళ్లు బీటలు వారుతున్నాయని, ఉండకూడని ఇళ్ల మీద ఇలాగే ఎర్ర గుర్తులు వేశారని వార్తలు వచ్చాయి కదా. అప్పుడే రోప్‌వే కూడా ఆపేశారు. ఏళ్లు గడిచాయి. ఆ వార్త నేను టీవీలో చూశాను. అన్నం తింటూ "అయ్యో పాపం" అని కూడా అన్నాను. ఊరికి ఇప్పుడు జ్యోతిర్మఠ్ అని పేరు మార్చారన్న సంగతి కూడా తెలుసు నాకు. క్విజ్ పోటీకి పనికొచ్చేదంతా గుర్తుంది, లక్షన్నర కట్టేటప్పుడు మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ఫోను చేశాను. మూడోసారికి ఎత్తారు. అందరూ వినాలని స్పీకరు పెట్టాను, అదీ నా తెలివే.

"రోప్‌వే మూసి ఉందండి ఇక్కడ."

"అవును సార్."

"అవును అంటారేమిటి?"

"అది చాలా రోజుల నుంచి లేదు కదా సార్."

"మరి కాగితంలో ఎందుకు రాశారు?"

"అది పాత ఫార్మాట్ సార్, మార్చలేదు."

"డబ్బు మాత్రం కొత్త రేటుకే తీసుకున్నారు కదా?"

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, తప్పు చేసిన పిల్లవాడికి నచ్చజెప్పే పంతులుగారిలా ఎంతో ఓర్పుగా: "సార్, మీరు చదువుకున్నవాళ్లు. బయల్దేరేముందు ఒకసారి గూగుల్‌లో చూసుకోవాలి కదా సార్."

మా ఆవిడ విన్నది. అమ్మాయి విన్నది. బావమరిది నన్ను చూడకుండా ఉండటానికి కొండ వైపు తిరిగాడు. టీకొట్టు పెద్దాయనకు తెలుగు రాదు, నా మొహం చూసే మొత్తం అర్థమైనట్టుంది, నలుగురికీ టీ ఇచ్చి డబ్బు తీసుకోలేదు. ఈ ప్రయాణంలో పైసా తీసుకోకుండా మాకు దొరికింది అదొక్కటే.

ఆ మాట మూడు రోజులుగా నా చెవిలో తిరుగుతోంది. మూసి ఉందని తెలిసే అమ్మారు. అమ్మినవాడే, ఎందుకు నమ్మావు అని నన్ను మందలించాడు. ఇంకా మండేది ఏమిటంటే, వాడన్నది నిజం. చూసుకోవాల్సింది. అర నిమిషం పని.

చక్రాలకు గొలుసులు కట్టిన టాక్సీలో పైకి వెళ్లాం, ఆ ఖర్చూ మాదే. ఔలీని మాత్రం ఏమీ అనను. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి నిలబడి ఉంటే ఎవరైనా నోరు మూసుకుంటారు. కానీ ఫొటోల్లో మోకాళ్లలోతు ఉన్న మంచు మేము వెళ్లేసరికి కింది భాగంలో పలచటి చారలుగా మిగిలింది. మిగతాది ఎండుగడ్డి. దక్షిణాసియా శీతకాల క్రీడల్లో స్కీయింగ్ పోటీలు 2011లో ఇక్కడే జరిగాయి, వాటికోసం కృత్రిమ మంచు యంత్రాలు కూడా తెచ్చారు. మేమున్న మూడు రోజుల్లో ఒక్కటీ తిరగలేదు.

సామగ్రి విషయం విడిగా చెప్పాలి, ఇది డబ్బుతో పోయేది కాదు. స్కీ బూటు బిగుతుగా ఉండాలి, మడమ లోపల లేవకూడదు, లోపల ఒక్క పలచటి మేజోడు చాలు. మా ఆవిడకు రెండు సైజులు పెద్దవి ఇచ్చి, "ఇంకో రెండు జతల మేజోళ్లు వేసుకోండి మేడమ్" అన్నారు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఉంటుంది. పడినప్పుడు అది విడిపోవాలి, లేకపోతే స్కీ అక్కడే ఉండి మోకాలు తిరిగిపోతుంది. ఎంత బలానికి విడిపోవాలో మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పు చూసి స్క్రూతో సరిచేయాలి. ఆ కంపెనీ పిల్లవాడు మా అమ్మాయి వైపు కూడా చూడకుండా, ముందు నిలబడ్డ తొంభై కిలోల పెద్దమనిషి తిరిగిచ్చిన జతను అలాగే జరిపాడు. బావమరిది ఆ స్క్రూడ్రైవరు లాక్కుని తనే కూర్చుని నలుగురివీ సరిచేశాడు. వాడు లేకపోతే ఈ రోజు నేను రాస్తున్నది వేరే పోస్టు అయ్యేది. ఇక హెల్మెట్లు, నలుగురికీ కలిపి ఒకటి. అది అమ్మాయి పెట్టుకుంది.

నేర్పించే అబ్బాయిది ఆ ఊరే. మంచివాడు, ఓపిక ఉన్నవాడు. ఆరుగురికి ఒక శిక్షకుడు అని మాకు చెప్పారు, అతనికి పదిహేడు మందిని అంటగట్టారు. డబ్బు ఆరుగురి లెక్కనే ఇస్తారని రెండోరోజు తనే చెప్పాడు. స్కీల ముందు కొనలు దగ్గరకు తెచ్చి, వెనుక విడదీసి, నాగలిలాగా మంచులోకి నొక్కితే వేగం తగ్గుతుంది. అమ్మాయి అరగంటలో పట్టేసింది. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. మూడు రోజుల్లో నేను స్కీల మీద నిలబడ్డ కాలమంతా కలిపితే ఒక సీరియల్ ఎపిసోడ్ అంత కూడా ఉండదు, అదీ ప్రకటనలు తీసేశాక.

బావమరిది పరిస్థితి ఇంకా ఘోరం. వాడికి కావాల్సింది రోజంతా దిగడానికి నాలుగైదు రకాల వాలులు, ఆగకుండా తిరిగే లిఫ్టు. ఔలీలో అసలైన వాలు ఒకటి, దాదాపు 3,050 మీటర్ల దగ్గర మొదలై 2,500 దాకా దిగుతుంది. మంచు నిండుగా ఉంటే అది వాడికి ఒక పూట సరదా. మేము వెళ్లినప్పుడు చెయిర్‌లిఫ్టు దగ్గర ఫొటోలకోసం వచ్చిన జనం బారులు తీరి ఉన్నారు, వాడికి రోజుకు మూడుసార్లు దిగడమే గగనమైంది. వాడి లెక్క ప్రకారం ఔలీ నేర్చుకునేవారికి చక్కని చోటు, కాస్త వచ్చినవారికి కశ్మీర్‌లోని గుల్మార్గ్ నయం. అక్కడ ఊరి దగ్గరి పల్లంలో కొత్తవాళ్లు నేర్చుకోవచ్చు, గోండోలా అనే అక్కడి కేబుల్ కారు మొదటి మజిలీ కొంగ్‌డూరి నుంచి వాడిలాంటివాళ్లు దిగవచ్చు. ఆ పైన అఫర్వత్ దాకా వెళ్లే రెండో మజిలీ మాత్రం వాడికి కూడా కాదట. అక్కడ మంచును చదును చేసే యంత్రాలు తిరగవు, హిమపాతాలు వస్తాయి, 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు ఆ కొండ మీదే చనిపోయారు.

ఇదంతా వాడు తిరుగు విమానంలో చెప్పాడు. "ముందే చెప్పొచ్చు కదరా" అన్నాను. "నువ్వు అడగలేదు బావా, కట్టేశానని చెప్పావు" అన్నాడు.

దిగాక మళ్లీ ఫోను చేసి, కనీసం కేబుల్ కారు డబ్బయినా వెనక్కి ఇమ్మన్నాను. ప్యాకేజీలో విడి ధరలు ఉండవట. నా బాధ తమకు అర్థమైందట. అందుకని తర్వాతి స్కీయింగ్ యాత్ర మీద పది శాతం తగ్గింపు కూపన్ పంపారు. జూన్ 30 లోపు వాడుకోవాలి. జూన్‌లో ఏ కొండ మీద స్కీయింగ్ చేయిస్తారో వాళ్లకే తెలియాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ఔలీలో రాష్ట్ర ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారివే ఏడు రోజుల, పద్నాలుగు రోజుల స్కీ కోర్సులుంటాయి, నేరుగా వాళ్లనే అడగండి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ సంస్థ ఉంది. సంక్రాంతి సెలవులని జనవరి మధ్యలో పరుగెత్తకండి, నెలాఖరు నుంచి ఫిబ్రవరి అయితే మంచు దొరికే అవకాశం ఎక్కువ. వాలును ఆ రోజే తీసిన వీడియో పంపమనండి. మొత్తం ముందే కట్టకండి. కేబుల్ కారు అని ఎక్కడ కనిపించినా, అవును, గూగుల్‌లో చూసుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి పొద్దున ఫిర్యాదు చేశాను, నంబరు వచ్చింది. వీళ్ల ఫిబ్రవరి బ్యాచ్‌కు కట్టినవాళ్లు మీ కాగితంలో కేబుల్ కారు ఉందో లేదో ఇప్పుడే చూసి కింద రాయండి. నా కాగితం, రసీదు, తాళం ఫొటో పెడుతున్నాను. తాళం ఫొటోలో మూలన కనిపించే నవ్వు బొమ్మ మా అమ్మాయిది.